‘దేవుడే చూసుకుంటడు’ అన్న మాట ఎవరికి చెప్పాలి?

సంపాదకులకు,

వరంగల్, పరకాల, నర్సంపేట, మహబూబాబాద్ దిక్కు ఏ ఊళ్లోనైనా క్రైస్తవ కుటుంబంలో తగాదా వస్తే ముందు చేరేది మందిరం అరుగు మీదికే. ఆలుమగల గొడవ, అన్నదమ్ముల గెట్టు పంచాయితీ, చిట్టీ డబ్బుల లెక్క, ఒక్కోసారి పోలీసుస్టేషన్‌కు పోవలసిన నేరం కూడా. ప్రార్థన అయ్యాక పెద్దమనుషులు చాప మీద కూర్చుంటారు. కాసేపటికి మూడు వాక్యాలు వినబడతాయి. “తీర్పు తీర్చకుడి” మొదటిది. “పగతీర్చుట నా పని” రెండోది. అవిశ్వాసుల ఎదుట వ్యాజ్యెమాడకూడదని తొలి సంఘాలకు ఉత్తరాలు రాసిన పౌలు అన్న మాట మూడోది. ఆఖరికి “దేవుడే చూసుకుంటడు బిడ్డా, ఇంటికి పో” అంటారు. నష్టపోయిన మనిషి కళ్లు తుడుచుకుంటూ లేస్తుంది. నష్టపెట్టినవాడు వచ్చే ఆదివారం ముందు వరుసలోనే కూర్చుంటాడు.

ఈ మూడు వాక్యాలూ బైబిల్లో ఉన్నవే, ఎవరూ కల్పించలేదు. వాటిని ఎవరి వైపు తిప్పి చదువుతున్నారన్నదే మా అభ్యంతరం. దేవుని తీర్పు గురించి లేఖనాలు ఎవరితో మాట్లాడుతున్నాయో వరసగా చూస్తే, ఎక్కువ చోట్ల ఆ మాట తీర్పు పీఠం మీద కూర్చున్నవాణ్ణి వణికించడానికే వచ్చింది. పీఠం ముందు నిలబడి న్యాయం అడిగే మనిషిని ఇంటికి పంపడానికి వాడడం మనం నేర్చుకున్న విద్య.

“తీర్పు తీర్చకుడి” మత్తయి 7వ అధ్యాయంలో మొదటి వచనం. ఐదో వచనం దాకా చదవాలి. ముందు నీ కంట్లోని దూలం తీసెయ్యి, అప్పుడు నీ సహోదరుని కంట్లోని నలుసు తీయడానికి తేటగా కనబడుతుంది అని ఉంది. నలుసును అట్లనే ఉండనీ అనలేదు. రెండో వచనంలోని కొలత మాట ఇంకా గట్టిది: మీరు ఏ కొలతతో కొలుస్తారో మీకూ ఆ కొలతే. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి తెచ్చే రైతుకు కాంటా సంగతి వేరే చెప్పాలా? సంచిలో పెద్దదొకటి చిన్నదొకటి రెండు తూనికరాళ్లు పెట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండం 25వ అధ్యాయం అంటుంది. యేసు ఆ లెక్కను తీర్పుకు తెచ్చాడు. పాస్టరు కొడుక్కి ఒక రాయి, కూలిమనిషి కొడుక్కి ఒక రాయి వద్దు. అసలు తూకమే వద్దనుకుంటే యోహాను 7:24లో అదే యేసు “వెలిచూపునుబట్టి తీర్పు తీర్చక న్యాయమైన తీర్పు తీర్చుడి” అని ఎందుకంటాడు?

మనుషులు తీర్పు తీర్చడం బైబిల్లో ఎట్లా మొదలైందో చూడండి. నిర్గమకాండం 18లో మోషే ఒక్కడే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుని తగవులు వింటుంటే మామ యిత్రో వచ్చి, నువ్వు చేస్తున్నది మంచి పని కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. వెయ్యిమందికి, నూరుమందికి, యాభైమందికి, పదిమందికి ఒక్కొక్కరిని పెట్టమన్నాడు. వాళ్లకు ఉండవలసిన గుణాలు నాలుగు: సామర్థ్యం, దైవభక్తి, సత్యం మీద ఆసక్తి, లంచమంటే అసహ్యం. వయసు గానీ, ఎకరాలు గానీ, మందిరానికి ఇచ్చిన చందా గానీ ఆ లెక్కలో లేవు. ద్వితీయోపదేశకాండం మొదటి అధ్యాయంలో మోషే ఆ న్యాయాధిపతులకే చెప్పిన మాట “న్యాయపుతీర్పు దేవునిదే”. ఆ మాటకు ముందూ వెనకా ఏముందో చూడండి: సహోదరుని మాటా పరదేశి మాటా ఒకేలా వినాలి, అల్పుని మాట ఘనుని మాట అని తేడా చూడొద్దు, మనిషి ముఖం చూసి భయపడొద్దు, మీకు చేతకాని కష్టమైన వ్యాజ్యం నా దగ్గరికి తేవాలి. తీర్పు దేవునిది గనుక మీరు తప్పుకోండి అని లేదు. దేవునిది గనుక ఎవరికీ భయపడకుండా చెప్పండి అని ఉంది. రెండో దినవృత్తాంతాలు 19లో యెహోషాపాతు రాజు పట్టణం పట్టణానికి న్యాయాధిపతులను పెట్టి ఇదే మళ్లీ చెప్పాడు. మతం సంగతులకు ప్రధానయాజకుడు అమర్యాను, రాజు సంగతులకు జెబద్యాను వేరువేరుగా నియమించాడు కూడా. పాస్టరే అన్నిటికీ న్యాయాధిపతి అనుకునేవాళ్లు ఆ 11వ వచనం ఒకసారి తిరగేయాలి.

హీబ్రూ మాట ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. నిర్గమకాండం 21, 22 అధ్యాయాల్లో తగవు పడినవాళ్లు ‘ఏలోహీం’ దగ్గరికి రావాలని ఉంటుంది. ఆ మాటకు దేవుడని అర్థం. ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్ అదే చోట న్యాయాధిపతులు అని పెట్టింది. ఆనాటి జనానికి ఆ రెండింటి దూరం అంత తక్కువ. 82వ కీర్తన ఆ దూరాన్నే పట్టుకొని బాదుతుంది. ఎనిమిదే వచనాలు. దేవుడు సభలో లేచి నిలబడ్డాడు, ఎంతకాలం అన్యాయపు తీర్పులు తీరుస్తారు, పేదకూ తండ్రిలేనివాడికీ న్యాయం చేయండి, మీరు దైవములని నేనే అన్నాను, అయినా మనుషుల్లాగే చస్తారు. ఈ ‘దైవములు’ మనుషులా, పరలోక జీవులా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. యేసు యోహాను 10:34–35లో దీన్ని ఎత్తి చూపి, దేవుని వాక్యం ఎవరికి వచ్చిందో వాళ్లను దైవములు అన్నాడని చెప్పాడు. ఎట్లా చదివినా కీర్తనలో బోనెక్కింది తీర్పరులే. ఫిర్యాదిని ఒక్క మాట కూడా అనలేదు.

తీర్పరి దేవునికి లెక్క చెప్పాలన్న భయంలోంచే అంత కట్టుదిట్టమైన విధానం పుట్టింది. ఒక్క సాక్షి మాట మీద ఎవరికీ శిక్ష లేదు, ఇద్దరో ముగ్గురో ఉండాలి (ద్వితీ. 19:15). న్యాయాధిపతులు బాగా విచారించాలి. సాక్షి అబద్ధికుడని తేలితే, అవతలివాడికి ఏ శిక్ష పడాలని చూశాడో అదే వాడికి. మరణశిక్ష అయితే సాక్షుల చెయ్యే ముందు రాయి ఎత్తాలి, అంటే చూశానని నోటితో చెప్పి ఇంటికి పోవడం కుదరదు. కొరడా దెబ్బలు న్యాయాధిపతి కళ్లముందే పడాలి, నలభై దాటకూడదు, దాటితే నీ సహోదరుడు నీ కంటికి నీచుడవుతాడని కారణం కూడా రాశారు. తెలియక మనిషిని చంపినవాడు పారిపోవడానికి యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు ఆశ్రయపురాలు. నిర్గమకాండం 23 ఇంకో అడుగు వేసి, గుంపు ఎటుంటే అటు పోయి న్యాయం తప్పించొద్దు, బీదవాడని జాలిపడి కూడా పక్షపాతం చూపొద్దు అంటుంది. ఈ రెండోది వినడానికి కటువుగా ఉంటుంది కానీ, పంచాయితీలు నడిపేవాళ్లకు దాని అవసరం బాగా తెలుసు.

ఇంత విధానం ఉన్నా అన్యాయం ఎట్లా జరుగుతుందో చెప్పే అధ్యాయం మొదటి రాజులు 21. నాబోతు ద్రాక్షతోట కథ అందరికీ తెలుసు, కానీ దాన్ని కోర్టు రికార్డు చదివినట్టు చదవాలి. యెజ్రెయేలులో ఇశ్రాయేలు రాజు అహాబు నగరును ఆనుకొని నాబోతు తోట ఉంది. రాజుకు అది కూరతోటకు కావాలి. బదులుగా ఇంకా మంచి తోట ఇస్తానన్నాడు, డబ్బు ఇస్తానన్నాడు. పిత్రార్జితం ఇవ్వనన్నాడు నాబోతు. అది మొండితనం కాదు, లేవీయకాండం 25 ప్రకారం భూమి దేవునిది, శాశ్వతంగా అమ్మడానికి లేదు. రాజు మంచం మీద పడి గోడ వైపు తిరిగి తిండి మానేశాడు. అప్పుడు రాణి యెజెబెలు చేసిన పని చూడండి. రాజు పేరుతో తాకీదులు రాసింది, రాజముద్ర వేసింది, పంపింది మాత్రం సైన్యానికి కాదు, నాబోతు ఊరి పెద్దలకు. ఉపవాసం చాటించమంది. అంటే ఊరికి ఏదో పాపం తగిలింది, దేవుని ముందు తేల్చుకోవాలి అన్న హంగు. నాబోతును జనంలో అగ్రస్థానంలో కూర్చోబెట్టమంది. ఇద్దరు పనికిమాలినవాళ్లను ఎదురుగా నిలబెట్టమంది. ఇద్దరే ఎందుకు? ధర్మశాస్త్రం అడిగిన అంకె అది. నేరం దేవుణ్ణీ రాజునూ దూషించడం, అది రాళ్లతో కొట్టి చంపే నేరం. ఊరి బయటికి తీసుకుపోయారు, అదీ నియమం ప్రకారమే.

ఎక్కడా ఒక్క నియమం తప్పలేదు. సాక్షుల అంకె సరి, నేరం పేరు సరి, శిక్ష సరి, చోటు సరి. లేనిది ఒక్కటే: నాబోతును ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు, ఆ విచారణలో అతను నోరు విప్పినట్టు ఎక్కడా లేదు. పెద్దల్లో ఒక్కడు కూడా ఈ ఇద్దరూ ఎవరని అనలేదు. పని అయిపోయిందని కబురు పంపారు. గెట్టు తగాదాలు ఎరిగిన మన ప్రాంతంవాళ్లకు ఈ కథ విడమర్చి చెప్పక్కర్లేదు. ఇప్పుడు దేవుని తీర్పు ఎట్లా వచ్చిందో చూడండి. ప్రవక్త ఏలీయా నాబోతు బంధువుల దగ్గరికి పోయి ఓర్చుకోండి అనలేదు. తోటను స్వాధీనం చేసుకోవడానికి దిగిన రాజు దగ్గరికే పోయాడు. చంపి స్వాధీనం చేసుకుంటున్నావా అని అడిగాడు. దేవుని తీర్పు వెతుక్కుంటూ పోయింది ముద్ర ఎవరి చేతిలో ఉందో వాళ్ల దగ్గరికి.

నాబోతు దగ్గర తప్పిపోయినదాన్ని పట్టుకున్నది సూసన్న కథ. కాథలిక్ బైబిల్లో దానియేలు 13వ అధ్యాయం, కాజీపేట ఫాతిమా కథెడ్రల్‌కు పోయేవాళ్లు విన్నదే; ప్రొటెస్టంట్ సంఘాల బైబిళ్లలో ఉండదు గనుక మనలో చాలామందికి తెలియదు. బబులోనులో ఇద్దరు పెద్దలు, ఆ ఏడాది న్యాయాధిపతులు వాళ్లే, తోటలో సూసన్నను బెదిరించి, ఆమె లొంగకపోతే వ్యభిచారం అంటగట్టారు. సాక్షులు ఇద్దరు, ఇద్దరూ పెద్దమనుషులు. సభ నమ్మింది, మరణశిక్ష వేసింది. పడుచువాడైన దానియేలు వాళ్లిద్దరినీ దూరందూరంగా ఉంచమన్నాడు. ఏ చెట్టు కింద చూశావని ఒక్కొక్కణ్ణీ విడిగా అడిగాడు. ఒకడు చిన్న చెట్టు పేరు, ఇంకొకడు పెద్ద వృక్షం పేరు చెప్పారు. గ్రీకు మూలంలో ఆ చెట్ల పేర్లకూ, వాళ్లను చీల్చడం, కోయడం అన్న మాటలకూ శ్లేష కుదిరింది. కథ ఆ ఒక్క ప్రశ్న మీద తిరిగిపోయింది. మన అరుగుల మీద జరిగే తప్పు సరిగ్గా ఇదే: సాక్షులందరూ ఒకే చాప చుట్టూ కూర్చుంటారు, మొదటివాడు చెప్పింది రెండోవాడు వింటాడు, మూడోవాడు తల ఊపుతాడు. ముగ్గురు సాక్షులనుకుంటాం, ఉన్నది ఒక్క సాక్ష్యమే. వ్యాజ్యెమందు మొదట మాట్లాడినవాడి పక్షం న్యాయంగా కనబడుతుంది, ఎదుటివాడు వచ్చాక సంగతి తేటపడుతుంది అని సామెతలు 18:17 చెప్పేదీ ఇదే. యేసు మీద పరిసయ్యులు మండిపడుతుంటే వాళ్లలోనే ఒకడైన నీకొదేము అడిగిందీ ఇదే: ఒక మనిషి మాట వినకుండానే మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా?

ఇద్దరు సాక్షుల నియమానికి ఇంకో ముఖం ఉంది, ఇక్కడ నిక్కచ్చిగా మాట్లాడాలి. ఆడపిల్ల వచ్చి ఫలానా పెద్దమనిషి నా మీద చెయ్యి వేశాడంటే “ఇద్దరు సాక్షులున్నారా” అని అడిగే పెద్దలున్నారు. ద్వితీయోపదేశకాండం 22:25–27 వాళ్లు చదవలేదా? పొలంలో ఒంటరిగా దొరికిన అమ్మాయిని ఒకడు బలవంతం చేస్తే చచ్చేది వాడొక్కడే, ఆమె మీద ఏ దోషమూ లేదు అంటుంది. సాక్షి ఎవరు? ఎవరూ లేరు. ఆమె కేకలు వేసి ఉంటుంది, రక్షించేవాడు లేడు అని ధర్మశాస్త్రం తనే ఆమె తరఫున అనుకుంటుంది. నిజమే, అదే అధ్యాయంలో అంతకు ముందున్న వచనాలు ఊళ్లో కేక వేయని అమ్మాయికి శిక్ష వేస్తాయి, వాటిని ఈ రోజు సమర్థించడం మావల్ల కాదు. కానీ సాక్షి లేని చోట నేరమే లేదన్న వాదనకు మోషే దగ్గర కూడా చోటు లేదు. మన దేశ చట్టంలోనూ లేదు: 1872 నాటి సాక్ష్య చట్టం 134వ సెక్షన్ నుంచే ఫలానా అంతమంది సాక్షులు ఉండి తీరాలన్న లెక్క లేదు. బాధితులు 18 ఏళ్లలోపు వాళ్లయితే పంచాయితీ పెట్టడమే తప్పు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసిన ప్రతివాడూ పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, సంస్థను నడిపేవాడు తన కింది మనిషి నేరాన్ని దాస్తే ఏడాది దాకా. ‘సంఘం పరువు’ అన్న మాట ఆ సెక్షన్లలో లేదు. పిల్లల సహాయానికి నంబరు 1098.

పాస్టరు మీద ఫిర్యాదు వస్తే 1 తిమోతి 5:19 చదువుతారు: ఇద్దరు ముగ్గురు సాక్షులుంటే తప్ప పెద్ద మీద నేరారోపణ అంగీకరింపకుము. దాని కిందిది 20వ వచనం. పాపం చేసినవాళ్లను అందరి ఎదుట గద్దించమంటుంది. 21వది పక్షపాతం కూడదంటుంది. మూడూ ఒకే ఊపిరిలో రాసినవి.

ఇక పౌలు. 1 కొరింథీయులు 6 చూపించి కోర్టుకు పోవద్దనేవాళ్లకు రెండు ప్రశ్నలు. అక్కడ పౌలు ఏ తగవుల గురించి మాట్లాడుతున్నాడు? రెండో వచనంలో ‘మిక్కిలి అల్పమైన సంగతులు’ అంటాడు, ఎనిమిదో వచనంలో అపహరించడం అంటాడు. అంటే డబ్బు, సొత్తు తగాదాలు. రెండోది, ఎవరిని తిడుతున్నాడు? రోమా పాలనలో దావా వేయడం హోదా ఉన్నవాడి ఆట. తక్కువవాడు పెద్దవాడి మీద వేయడం దాదాపు కుదిరేది కాదు. ధనవంతులు మిమ్మల్ని న్యాయసభలకు ఈడ్చుకుపోతున్నారు గదా అని యాకోబు 2:6 చెప్పేదీ ఆ సంగతే. కాబట్టి ‘అన్యాయం సహించడం మేలు కాదా’ అన్నది తమ్ముడి మీద దావా వేసిన పెద్దన్నకు పెట్టిన చురక. పెద్దన్న చేతిలో దెబ్బతిన్నవాడికి చెప్పిన నీతిగా దాన్ని మార్చేశాం. ఇంకొకటి. మొదటి వచనంలో జడ్జీలను ‘అనీతిమంతులు’ అన్నాడు. తొమ్మిదో వచనంలో దేవుని రాజ్యానికి వారసులు కాని ‘అన్యాయస్థులు’ అన్నచోట ఉన్నదీ గ్రీకులో ఆ మాటే. కోర్టులో కూర్చుంటేనో చాప మీద కూర్చుంటేనో ఆ పేరు తగలదు, చేసే పనిని బట్టి తగులుతుంది.

అదే పౌలు తన విషయంలో ఏం చేశాడు? ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారి చడీచప్పుడు లేకుండా పొమ్మంటే పోలేదు. రోమీయులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించారు, న్యాయాధిపతులే వచ్చి బయటికి తీసుకుపోవాలి అన్నాడు. వాళ్లు వచ్చారు. కొరింథులోనే రోమా అధిపతి గల్లియోను న్యాయపీఠం ముందుకు అతన్ని ఈడ్చుకొచ్చారు. డెల్ఫీ శాసనాన్ని బట్టి గల్లియో పాలన క్రీ.శ. 51–52 ప్రాంతం. మాటలు, పేర్లు, మీ ధర్మశాస్త్రం గురించిన తగవులైతే మీరే చూసుకోండి, అన్యాయమో నేరమో అయితే వింటాను అని గల్లియో గీత గీశాడు. అవిశ్వాసి గీసిన ఆ గీతే పౌలును కాపాడింది. చివరికి కైసరయలో రోమా అధిపతి ఫేస్తు ముందు, కైసరు (రోమా చక్రవర్తి) న్యాయపీఠం ఎదుట నిలబడి ఉన్నాను, నా విచారణ జరగవలసింది ఇక్కడే అని కైసరుకే అప్పీలు చేసుకున్నాడు. ఆ న్యాయపీఠానికి గ్రీకు మాట ‘బేమా’. 2 కొరింథీయులు 5:10లో మనమందరం నిలబడవలసిన క్రీస్తు న్యాయపీఠమూ అదే బేమా. యేసుకు శిక్ష వేసిన పిలాతు కూర్చున్నదీ అదే.

“పగతీర్చుట నా పని” రోమా 12:19లో ఉంది. దానికి అయిదారు వచనాల కిందనే 13:4లో, పాలకుడు కీడు చేసేవాడి మీద ‘ప్రతికారము చేయు’ దేవుని పరిచారకుడు అని ఉంది. గ్రీకులో పగతీర్చడం, ప్రతికారం ఒకే ధాతువు. దేవుడు నా పని అన్నదాన్ని తన పరిచారకుడి చేత చేయిస్తాడని పౌలు ఆలోచన సాగుతోంది. మధ్యలో అధ్యాయం అంకె పడేసరికి తీగ తెగింది. ఆ అంకెలు పౌలు వేసినవి కావు, 13వ శతాబ్దంలో వచ్చాయి. నువ్వు కత్తి పట్టొద్దు అన్న మాటను, నువ్వు ఠాణాకు పోవద్దు అని మార్చి చెబుతున్నాం.

ఇదంతా చెప్పి కోర్టే దేవుడని అనడం లేదు. పాలకుల విషయంలో లేఖనాలకు భ్రమలు లేవు. రోమా అధిపతి ఫేలిక్సు దగ్గర పౌలు రాబోయే తీర్పు గురించి మాట్లాడితే అధిపతి వణికాడు, ఇప్పటికి వెళ్లు అన్నాడు. ఆ వెంటనే లంచం దొరుకుతుందేమోనని మాటిమాటికీ పిలిపించుకున్నాడు. అట్లా రెండేళ్లు. పిలాతు చేతులు కడుక్కున్నది ఊరికే చేసిన పని అనుకుంటాం. ద్వితీయోపదేశకాండం 21లో ఒక తంతు ఉంది. పొలంలో శవం దొరికి, చంపినవాడెవరో తెలియకపోతే, పెద్దలు చుట్టూ ఉన్న ఊళ్లకు దూరం కొలిచి, దగ్గరి ఊరి పెద్దలు లోయలో పెయ్య మెడ విరిచి, దాని మీద చేతులు కడుక్కొని మా చేతులు ఈ రక్తాన్ని చిందించలేదు అనాలి. హంతకుడు తెలియనప్పుడు చేసే తంతు అది. పిలాతు హంతకుడు ఎవరో తెలిసి, శిక్ష తానే వేస్తూ కడుక్కున్నాడు. ‘మాకేం సంబంధం, వాళ్లూ వాళ్లూ చూసుకోవాలె’ అని లేచిపోయే పెద్దమనుషులు ఆ తంతులో ఎక్కడ నిలబడతారో చూసుకోవాలి. కోర్టు చెప్పినా ఒప్పుకోలేని ఘడియ వస్తే ‘మనుషులకు కాదు దేవునికి లోబడాలి’ అన్న అపొస్తలులు ఆ మాట సభ ఎదుట నిలబడి అన్నారు, దెబ్బలు తిన్నారు.

సెలోపెహాదు కూతుళ్ల సంగతి ఆడపిల్లలకు వాటా ఇవ్వని పంచాయితీల కోసం. సంఖ్యాకాండం 27. తండ్రికి కొడుకుల్లేరు, ఐదుగురు కూతుళ్లు, గుడారం తలుపు దగ్గర మోషే ముందు, యాజకుడు, పెద్దలు, సమాజమంతా చూస్తుండగా నిలబడి మా వాటా ఏదని అడిగారు. మోషేకు తెలియలేదు, దేవుని దగ్గరికి తీసుకుపోయాడు. వాళ్లు చెప్పింది నిజమే అని తీర్పు వచ్చింది, చట్టం మారింది. ‘దేవుడే చూసుకుంటడు’ అని వాళ్లు ఇంట్లో కూర్చుంటే ఆ అధ్యాయమే లేదు. ఇప్పుడు 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం వీలునామా లేకుండా పోయిన క్రైస్తవుని ఆస్తిలో భార్యకు మూడో వంతు, మిగతాది కొడుకులకూ కూతుళ్లకూ సమానం. ఇది అరుగు మీద తగ్గించడానికి వీలైన లెక్క కాదు.

డబ్బు సంగతి. విచారణకు ముందే రెండు పక్షాల చేత డిపాజిట్ పెట్టించడం, తప్పు తేలినవాడి డబ్బు పెద్దల ఖర్చుల కింద పోవడం మన దిక్కు కొత్త కాదు. ధర్మశాస్త్రంలో జరిమానా ఎక్కడికి పోతుందో చూడండి. ఎద్దును దొంగిలించి అమ్మేసినవాడు ఐదు ఎద్దులివ్వాలి, గొర్రెకు నాలుగు గొర్రెలు, దొంగ సొత్తు ప్రాణంతో దొరికితే రెండింతలు. మోసం ఒప్పుకున్నవాడు అసలుకు ఐదో వంతు కలిపి ఇవ్వాలి. అన్నీ నష్టపోయినవాడి చేతికే. సొమ్ము అందుకోవడానికి నష్టపోయినవాడో అతని దగ్గరి బంధువో ఉంటే, యాజకుడికి వచ్చేది అపరాధ పరిహార బలి పొట్టేలు, అది కూడా సొమ్ము తిరిగిచ్చాకనే. పెద్దల చేతిలో డబ్బు మిగిలిన పంచాయితీకి బైబిల్లో ఆధారం దొరకదు.

ప్రమాణాలు ఇంకో జబ్బు. 2023లో మన పక్క ములుగు జిల్లాలో ఎర్రగా కాలిన గడ్డపార తీయించిన పంచాయితీ గురించి చదివి అందరం ముక్కున వేలేసుకున్నాం. బైబిల్ నెత్తిన పెట్టించి ‘అబద్ధమైతే నీ పిల్లలు పోవాలె’ అనిపించడం దానికి ఎంత దూరం? సంఖ్యాకాండం 5లో అనుమానపు భర్త భార్యకు తాగించే చేదునీళ్లు ఉన్నాయి, దాచిపెట్టడం లేదు. కానీ నువ్వు అసలు ఒట్టు పెట్టుకోవద్దు, అవునంటే అవును, కాదంటే కాదు అన్న యేసు తర్వాత ఆ నీళ్ల జోలికి పోవడానికి మనకు హక్కు లేదు. సాక్ష్యం వెతికే ఓపిక లేనివాడే దేవుణ్ణి సాక్షికి పిలుస్తాడు.

పెద్దలకు చేతనైన పని లేదా అంటే ఉంది. మత్తయి 18:15–17 మెట్లు చెప్పింది: ముందు ఇద్దరే మాట్లాడుకోవాలి, వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మన దగ్గర మూడో మెట్టు ముందొస్తుంది, మొదటిది రానే రాదు. మాటపట్టింపులు, చేబదులు, గెట్టు, ఆలుమగల అలకలు వినొచ్చు. కొట్టడం, బలవంతం, పిల్లల మీద నేరం, కట్నం వేధింపు వినకూడదు. సాక్షులను విడివిడిగా వినాలి, తగవులో ఉన్నవాళ్లకు బంధువైన పెద్ద లేచిపోవాలి, ఎవరేమన్నారో రాయాలి. భూమి పంచుతూ తెల్లకాగితం మీద రాసి సంతకాలు పెట్టించే అలవాటు ఒకటుంది. 100 రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తిని ఆ కాగితమే పంచుతుంటే అది రిజిస్టరు కావాలి, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్. లేకుంటే పదేళ్ల తర్వాత మనుమలు దాన్ని కోర్టులో పెడితే చెల్లదు. రాజీ కుదిరితే ఆ రాజీని లోక్ అదాలత్‌కు తీసుకుపోవడం మేలు. 1987 న్యాయసేవల చట్టం 21వ సెక్షన్ ప్రకారం అక్కడి అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. పెండింగు కేసు అక్కడ తేలితే కట్టిన కోర్టు ఫీజు వాపసు వస్తుంది. రాజీకి వీల్లేని నేరాలు మాత్రం అక్కడా తీసుకోరు.

పెళ్లి విషయంలో కాథలిక్కులకు ఒక మాట. చర్చి ట్రిబ్యునల్ (చర్చి సొంత న్యాయసభ) పెళ్లి చెల్లదంటే అది గుడిలో చెల్లుతుంది, ప్రభుత్వం దగ్గర కాదు. 1996లో మోలీ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది, 2017లో క్లారెన్స్ పాయిస్ పిటిషన్ కొట్టేస్తూ మళ్లీ చెప్పింది. ట్రిబ్యునల్ కాగితం పట్టుకొని రెండో పెళ్లి చేసుకుంటే నేరం అవుతుంది, 1869 విడాకుల చట్టం కింద జిల్లా కోర్టు డిక్రీ కావాలి. 2015లో పోప్ ఫ్రాన్సిస్ ఆ ట్రిబ్యునళ్ల పద్ధతి సులువు చేసి, రెండో తీర్పు కూడా కలవాలన్న నియమం తీసేశారు. ఆ ఉత్తర్వు లాటిన్ పేరుకు అర్థం ‘సాత్వికుడైన న్యాయాధిపతి ప్రభువైన యేసు’. పేరు ఎంత బాగున్నా మన కోర్టులో డిక్రీ డిక్రీయే.

కోర్టులో ఏళ్లు పడుతుంది గదా అంటారు. పడుతుంది. దుష్క్రియకు తగిన శిక్ష త్వరగా రాకపోవడం చూసి మనుషులు కీడు చేయడానికి ధైర్యం తెచ్చుకుంటారని ప్రసంగి 8:11 ఎప్పుడో రాశాడు. లూకా 18లో విధవరాలికి దొరికిన జడ్జి దేవునికీ భయపడడు, మనుషులనూ లెక్క చేయడు. ఆమె ఇంటికి పోలేదు, మాటిమాటికీ వచ్చింది. విసిగిస్తోంది అని జడ్జి అన్నచోట గ్రీకు మాటకు అసలు అర్థం కంటి కింద కమిలేలా కొట్టడం. విసుగక ప్రార్థన చేయడానికి యేసు చూపించిన నమూనా ఆమె, అంటే న్యాయస్థానం గడప అరగదీసిన మనిషి. హనుమకొండ అదాలత్ కోర్టుల దగ్గరికి ఆమె ఈ రోజు వస్తే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు. న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయం ఎంతో అడగకుండానే లాయరును ఉచితంగా ఇవ్వాలి. ఫోను నంబరు 15100.

– బైబిల్ బోధన చేసే కొందరు, హనుమకొండ